ఏకాదశి నుంచి అమావాస్య దాకా: గోదావరి నీటి వెంట మడ అడవికి

సప్తసాగర యాత్ర చేసేవాళ్ళు పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగిలో తొలి మునక వేసి, ఏడు పాయల మొగలూ (సముద్రంలో కలిసే చోట్లు) చుట్టి, భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరతారు. ఈ ప్రయాణానిది ఎదురు దారి. ఏకాదశినాడు ధవళేశ్వరంలో మొదలై, నీళ్ళు పోయే దారినే పోయి, అమావాస్యకి చొల్లంగి చేరుతుంది. తిథి చూసి పెట్టుకోడానికి కారణం పోటు. అష్టమి ప్రాంతంలో సముద్రం పోటు నీరసంగా ఉంటుంది, అమావాస్యకి నిండుగా వస్తుంది. కాకినాడ దగ్గర నిండు పోటుకీ పాటుకీ (నీరు వెనక్కి లాగినప్పటి మట్టానికీ) తేడా ఒకటిన్నర మీటరుకు అటూఇటూ. అష్టమికి అందులో సగం కూడా ఉండదు. రోజుకో మెట్టు చొప్పున నీరు పైకి వస్తుంటే, ఏ మురుగు కాలవ తలుపు కారుతోందో, ఏ పర్ర (పోటు తడిపే ఉప్పు నేల) తడవకుండా మిగిలిపోయిందో ఎవరూ చెప్పక్కర్లేకుండా కంటికే తెలుస్తుంది. డెల్టాలో వరి గొడవైనా, తాగునీటి గొడవైనా, అడవి గొడవైనా కదిపి చూస్తే జానెడు మట్టం దగ్గర తేలుతుంది.

సామాను కొంచెమే. నీటిలో కరిగిన లవణాలు చూపే, జేబులో పట్టే టీడీఎస్ మీటరు, ఉప్పు శాతం చూసే రిఫ్రాక్టోమీటరు, తాపీమేస్త్రీలు మట్టం చూసుకునే ఇరవై మీటర్ల పారదర్శక గొట్టం, టేపు, పది వెదురు గూటాలు, కాకినాడ పోటు పట్టిక. మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు మడ బురదలో పనికిరావు: కాలు పైకి వస్తుంది, బూటు లోపలే ఉండిపోతుంది. పాత గుడ్డ జోళ్ళు తాళ్ళతో బిగించి కట్టుకోవడమే మేలు. ఒట్టికాళ్ళతో దిగితే గుల్లలు కోస్తాయి.

ఏకాదశి: ధవళేశ్వరం, బొబ్బర్లంక

ఆర్థర్ కాటన్ 1847–52 మధ్య కట్టించిన ఆనకట్ట పనిని ఇప్పుడు 1982లో పూర్తయిన బ్యారేజీ చేస్తోంది. నాలుగు ముక్కలు, 175 గేట్లు: ధవళేశ్వరం 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. మధ్యలో లంకలు. ధవళేశ్వరం తలుపుల నుంచి తూర్పు డెల్టాకి, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టాకి, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టాకి కాలవలు విడిపోతాయి. మొత్తం ఆయకట్టు పది లక్షల ఎకరాల పైమాట.

ఇంత ఆయకట్టుకీ బ్యారేజీ వెనక నిలిచే నీరు సుమారు 3 టీఎంసీలే. ఒక టీఎంసీ అంటే రోజంతా 11,574 క్యూసెక్కులు వదిలినంత. కాలవలకు పదివేల క్యూసెక్కులు ఇస్తే మూడున్నర రోజుల్లో చెరువు ఖాళీ. అంటే ఇది నీళ్ళు దాచుకునే కట్టడం కాదు, మట్టం ఎత్తి కాలవలకు మళ్ళించే కట్టడం. సార్వాకి (వానాకాలం పంటకి) వరద ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. దాళ్వాకి (రెండో పంటకి) నదిలో సహజంగా వచ్చేది చాలక, పైన సీలేరులో కరెంటు తీసి వదిలే నీటి మీద ఆధారపడాలి. జనవరి నెలాఖరుకి వచ్చేసరికి వంతులవారీ పెడతారు. కాలవ చివర ఉన్నవాళ్ళ వంతు రాత్రిపూట ఎందుకు పడుతుందో ఆ గ్రామాల వాళ్ళనే అడగాలి.

ఈ రోజుల్లో బ్యారేజీ మీద నడుస్తూ కిందికి చూస్తే గేట్లు మూసే ఉంటాయి. దిగువన ఇసుక తిన్నెలు, మధ్యలో మడుగులు. మడ అడవికి తీపినీరు అందక మొదలయ్యే ఎండాకాలం క్యాలెండరులో మార్చిలో కాదు, ఈ గేట్లు దిగిన రోజునే మొదలవుతుంది. ఎగువ నుంచి తోసే నీరు లేకపోతే ఉప్పునీరు గౌతమిలో యానాం దాటి పైకి ఎక్కుతుంది. వరద రోజుల్లో దీనికి పూర్తి విరుద్ధం. ఇక్కడి గేజీలో 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు, 2022 జులైలో 25 లక్షల పైచిలుకు ఈ గేట్ల కిందుగా పోయాయి. లంకలకు అది నష్టం. మడ అడవికి ఏడాదికోసారి జరిగే తలంటు: ఆ నీటితోనే పేరుకున్న ఉప్పు కడుక్కుపోతుంది, కొత్త ఒండ్రు పడుతుంది.

ఆ ఒండ్రు తగ్గిపోయింది. 1970లలో ఏటా 15 కోట్ల టన్నుల దాకా ఒండ్రు మోసిన నది 1990లకు 6 కోట్ల టన్నులకు దిగింది. మిగతాది పైనున్న ఆనకట్టల వెనక కూచుంది. డెల్టా నేల సహజంగానే ఏటా కొంత కుంగుతుంది. పైన కొత్త పొర పడితే ఆ లోటు పూడుతుంది. పడకపోతే సముద్రం పెరగక్కర్లేకుండానే మట్టం తేడా వచ్చేస్తుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే మిగతా నాలుగు రోజుల్లో కనిపించేది చాలావరకు అర్థమవుతుంది.

బొబ్బర్లంక నుంచి సాయంత్రం కాలవ గట్టు మీద దిగువకు పోతుంటే ఊరూరా మంచినీటి చెరువులు. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ 1 దాకా కాలవలు కట్టేస్తారు. ఆ యాభై రోజులూ ఊరు బతకాల్సింది ఈ చెరువు మీదే. లెక్క వేసుకోండి: ఐదువేల జనాభా, తలకు రోజుకు 55 లీటర్లు, యాభై రోజులు, 13,750 ఘనపు మీటర్లు కావాలి. మూడు మీటర్ల లోతున్న ఎకరం చెరువులో పట్టేది పన్నెండు వేలు. ఆవిరికి రోజుకు ఆరు మిల్లీమీటర్ల చొప్పున ముప్పై సెంటీమీటర్లు పోతుంది, అడుగున అరమీటరు బురదనీరు తోడడానికి పనికిరాదు. మిగిలేది తొమ్మిదివేలే. ఎకరంన్నర ఉంటే దాదాపు సరిపోతుంది. చాలా ఊళ్ళలో జనాభా పెరిగింది, చెరువు అంతే ఉంది. కాలవ కట్టే వారం ముందు చివరి తడవ నింపుకునేటప్పుడు తొలి రెండు రోజుల మురికినీరు వదిలేసి ఆ తర్వాతే తూము ఎత్తాలి. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా ఎక్కువ చోట్ల చేసేది తక్కువ.

ద్వాదశి: పి.గన్నవరం, రాజోలు, కేశనపల్లి

గన్నవరం దగ్గర వసిష్ఠ నుంచి వైనతేయ చీలుతుంది. ఆ పాయ మీదుగా కాలవను దాటించిన పాత అక్విడక్టు 1850ల నాటిది, 49 కమానులు. పనిలో కాటన్‌కి కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్నను ఇప్పటికీ ఇక్కడ తలుచుకుంటారు. పక్కన 2000లో వచ్చిన కొత్తదానికి అన్నదానానికి పేరుపడ్డ డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. కింద ఒక నది, పైన ఒక కాలవ. రాజోలు సీమ తాగేదీ పండించేదీ ఆ పై నీటితోనే.

కాలవ వెంట పోతే అంతా పచ్చగా కనిపిస్తుంది. జబ్బు తెలియాలంటే డ్రెయిను (మురుగు కాలవ) వెంట పోవాలి. కాలవ మెరక మీద నడుస్తుంది, డ్రెయిను పల్లంలో. డెల్టా పాత సముద్రపు ఒడ్డుల వరస: ఇసుక దిబ్బ, పల్లం, మళ్ళీ దిబ్బ. దిబ్బ మీద ఊరూ కొబ్బరితోటా, పల్లంలో వరి. పల్లంలో పడిన వాననీరు సముద్రానికి పోవాలంటే డ్రెయినూ, దాని చివర మొగా రెండూ తెరుచుకుని ఉండాలి. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి లక్ష ఎకరాల దాకా బీడు పెట్టినప్పుడు చెప్పిన కారణాల్లో ధర ఒకటైతే, ముంపు ఇంకొకటి.

డ్రెయిను చూడటానికి వెళ్ళినప్పుడు మూడు చోట్ల ఆగాలి. మొదటిది పొలాల మధ్య: గుర్రపుడెక్క ఎంత దట్టంగా ఉందో. తీసిన డెక్కను గట్టు మీదే పడేస్తే తొలకరికి మళ్ళీ నీళ్ళలోకే జారుతుంది. గట్టు దాటించి ఆరబెట్టాలి. రెండోది అవుట్‌ఫాల్ స్లూయిస్, అంటే డ్రెయిను కొసన ఉండే తలుపుల తూము. పాటు సమయంలో లోపలి నీరు తలుపును తోసుకుని బయటికి పోతుంది, పోటు వస్తే బయటి నీరు తలుపును మూసేస్తుంది. యంత్రం లేదు, మనిషి అక్కర్లేదు. ఇంత తేలికైనదీ చెడిపోతుంది: కీలు తుప్పు పడుతుంది, అంచున గుల్లలు పెరిగి సందు మిగులుతుంది, దుంగ ఒకటి ఇరుక్కుంటుంది. ఇవి కాక, రొయ్యల చెరువుకి ఉప్పునీరు కావాల్సినవాళ్ళు తలుపు కింద రాయి పెట్టేస్తారు. పోటు ఎక్కే వేళ స్లూయిస్ లోపలి వైపు నిలబడి పది నిమిషాలకోసారి మీటరు ముంచితే చాలు. అంకె పెరుగుతూ పోతే తలుపు కారుతున్నట్టే.

మూడోది మొగ. గాలి, అల కలిసి ఎండాకాలంలో ఇసుకతో మొగను పూడుస్తాయి. తెరవాల్సిందే, అయితే తెరిచే వేళ ముఖ్యం. సముద్రం వైపు రెండు మీటర్ల ఇసుక అడ్డం వదిలి, లోపలి నుంచి కాలవ తవ్వుకుంటూ రావాలి. అమావాస్యకో పౌర్ణమికో నిండు పోటు తిరిగి పాటు మొదలైన అరగంటకి ఆ అడ్డం కొట్టేస్తే, లోపలి నీరే ఇసుకను కోసుకుపోతుంది. పోటు ఎక్కుతుండగా కొడితే సముద్రమే ఇసుక తెచ్చి మళ్ళీ నింపుతుంది, పొక్లెయిను అద్దె నీళ్ళపాలు.

కేశనపల్లి చుట్టుపక్కల శంకరగుప్తం డ్రెయిను వెంట మోడువారిన కొబ్బరి చెట్లు బారులు తీరి నిలబడి ఉంటాయి. కొబ్బరి ఉప్పుకి భయపడే చెట్టు కాదు. సముద్రపు ఒడ్డునే పుట్టింది. వేళ్ళ దగ్గర నీరు కదులుతుంటే ఓర్చుకుంటుంది. పోటుకి వచ్చిన ఉప్పునీరు పాటుకి తిరిగి పోకుండా తోటలో నిలిచిపోతే వేళ్ళకు గాలాడదు, కుళ్ళుతాయి. ముందు కింది మట్టలు పసుపెక్కుతాయి, పిందె రాలుతుంది, మొవ్వు చిన్నబోయి కాండం పైకి పోనుపోను పెన్సిలు మొనలా సన్నబడుతుంది. అక్కడిదాకా వచ్చిన చెట్టుకి ఎరువులు పోయడం వృథా. దానికంటే ముందే చూడాల్సింది తోట చుట్టూ మీటరు లోతు బోదె ఉందా, అది పాటుకి వట్టిపోతోందా అన్నది. డ్రెయిను గట్టు ఎత్తుచేయడం ఒక్కటే చేస్తే లోపల పడిన వాన లోపలే ఉండిపోతుంది. గట్టూ, తలుపూ, పూడికతీతా మూడూ ఒకే ఏడాది కావాలి. మూడు పద్దుల కింద మూడేళ్ళలో చేస్తే మొదటిది చెడిపోయాక మూడోది పూర్తవుతుంది.

త్రయోదశి: వైనతేయ దాటి బలుసుతిప్పకి

పాశర్లపూడి, బోడసకుర్రు మధ్య వంతెన మీద వైనతేయ దాటి అమలాపురం. దారిలో కౌశిక కనిపిస్తుంది. సప్తగోదావరుల్లో ఒకటి, ఇవాళ దాని పేరు పక్కన డ్రెయిను అని రాసి ఉంటుంది. మరో పాయ తుల్యభాగదీ అదే గతి.

ఓడలరేవు నుంచి కాట్రేనికోన దాకా సముద్రం పక్క ఇసుక నేలల్లో తాగునీరు ఎలా దొరుకుతుందో చూడటం ఈ రోజు పని. దిబ్బలో ఇంకిన వాన కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతుంది, పెరుగు మీద మీగడలా. సముద్ర మట్టానికి పైన తీపినీరు ఒక అడుగు ఉంటే, కింద నలభై అడుగుల దాకా తీపి ఉంటుందని లెక్క. తిరగేసి చెప్పుకుంటే, పైన ఒక అడుగు తోడేస్తే కింద నలభై అడుగుల ఉప్పు పైకి లేస్తుంది. ఫిల్టర్ పాయింటు (జల్లెడ గొట్టపు బోరు) లోతుకి దింపి పెద్ద మోటారు పెట్టినవాళ్ళకి తొలి ఏడు తీపి, మూడో ఏడు ఉప్పదనం, ఆ తర్వాత బోరు వదిలేయడం ఇందుకే. పక్కింటాయన మరింత లోతుకి వెళ్ళడం దీనికి మందు కానే కాదు.

దీనికి పాత ఉపాయం దొరువు: ఇసుకలో గరాటులా తవ్విన గొయ్యి, కుండతో తోడి నారుకి పోసేవారు. బాపట్లలో ఉప్పునీటి మీద పనిచేసే వ్యవసాయ శాస్త్రజ్ఞులు దాన్ని మెరుగుపరిచారు. రెండు మూడు మీటర్ల లోతులో, నీటి మట్టానికి కాస్త కిందగా, చిల్లులు పెట్టిన పీవీసీ గొట్టాలను అడ్డంగా పరిచి, నైలాన్ జాలీ చుట్టి, పైన గులకరాయి పోస్తారు. అవి మధ్యలో సిమెంటు ఒరల బావిలోకి చేరతాయి. చిన్న మోటారుతో మీగడను తీసినట్టు తీసుకోవడమే. గొట్టాలు వంపు లేకుండా సమంగా ఉండాలి, లేకపోతే పల్లపు కొసలో ఇసుక చేరి మూసుకుపోతుంది. పరిచే పని మే నెలలో, నీరు అట్టడుగున ఉన్నప్పుడు చేయాలి. వానాకాలంలో పరిస్తే ఎండాకాలానికి గొట్టాలు నీటికి పైనే ఉంటాయి.

బలుసుతిప్ప వైపు పోతుంటే కొబ్బరితోటలు పోయి రొయ్యల చెరువులు వస్తాయి. తీపి పొలాల మధ్య ఉప్పు బోరు వేసి పెట్టిన చెరువు ఒకటి చుట్టూ ఉన్న వరికి ఎలా చుట్టుకుంటుందో గట్టు కింద ఊటే చెబుతుంది. వరి నీటిలో విద్యుద్వాహకత (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) మీటరుకు 3 డెసీసీమెన్లు దాటితే, అంటే టీడీఎస్ మీటరు మీద సుమారు 1,900, దిగుబడి తగ్గడం మొదలు. చెరువు గట్టుకీ పొలానికీ మధ్య మీటరు లోతు ఊట కాలవ తప్పనిసరి, అది డ్రెయిన్లోకి పోవాలి తప్ప పంట కాలవలోకి కాదు. 2005 నాటి తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. మడ అడవిని చెరువుగా మార్చడం నిషిద్ధం.

నిషేధం సంగతి అటుంచి, మడ నరికి చెరువు తవ్వినవాళ్ళు లాభపడింది తక్కువ. మడ బురదలో గంధకం, ఇనుము కలిసిన పైరైటు ఉంటుంది. నీటి కింద ఉన్నన్నాళ్ళూ పడుకున్న పాము. తవ్వి గట్టు మీద ఆరబెడితే గాలి తగిలి గంధకామ్లం అవుతుంది. తొలి వానకి గట్టు నుంచి తుప్పు రంగు నీరు చెరువులోకి కారుతుంది, రొయ్య పెంకు మెత్తబడుతుంది, ఎన్ని బస్తాల సున్నం పోసినా చాలదు. నాలుగైదు పంటలకి చెరువు వదిలేసి పోతారు. వదిలేసిన చెరువును మళ్ళీ అడవి చేయాలంటే తొలి పని గట్టుకు గండ్లు కొట్టడం, అదీ పాత వాగు ఎక్కడ పోయేదో కనుక్కుని అక్కడే. మొక్కలు తర్వాత. పోటు రాకపోకలు కుదిరితే గింజ తనంతట తనే కొట్టుకొస్తుంది.

చతుర్దశి: యానాం, మట్లపాలెం, కోరంగి

ఎదుర్లంక వంతెన మీద గౌతమి దాటితే యానాం, ఆపైన తాళ్ళరేవు. ఇక్కణ్ణుంచి కాకినాడ దాకా రోడ్డుకి తూర్పున ఉన్నదంతా మడ. కోరంగి అభయారణ్యం 1978లో ప్రకటించారు, 235.7 చదరపు కిలోమీటర్లు. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789, 1839 తుపాన్ల ఉప్పెనలు ఊరిని ఊడ్చేశాయి. తుపానుకి ‘సైక్లోన్’ అని పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ వర్ణించిన తుపాన్లలో ఆ 1789 నాటిదీ ఉంది. 1996 నవంబరు 6న కాకినాడకి దక్షిణాన తీరం దాటిన తుపాను మాట ఈ ఊళ్ళలో ఇప్పటికీ నడుస్తుంది.

కోరంగిలో చెక్కవంతెన ఉంది. పాటు వేళ నడవాలి, పోటు వేళ పడవ ఎక్కాలి, చాలామంది తిరగేస్తారు. వాగు అంచున నల్ల మడ, కాస్త లోపల తెల్ల మడ, నేల గట్టిపడిన చోట తిల్ల, వంపుల్లో గుగ్గిలం, అక్కడక్కడ గొడుగు ఊచల్లా వేళ్ళు దించిన ఉప్పుపొన్న. తెల్ల మడ ఆకు అడుగుభాగం నాలుకకి తగిలిస్తే ఉప్పగా ఉంటుంది: వేరు వడకట్టగా మిగిలిన ఉప్పును ఆకే బయటికి నెట్టేస్తుంది. తిల్ల కొమ్మ మాత్రం విరవకూడదు, దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. నేలలోంచి పెన్సిళ్ళు నాటినట్టు లేచినవి మడ శ్వాస వేళ్ళు. వాటి ఎత్తుకి మించి రోజుల తరబడి నీరు నిలిచినా, వాటి మీద ఇసుక కప్పినా చెట్టు ఊపిరాడక చస్తుంది. బతకడానికి నీరు రావాలి, పోవాలి.

అడవి మధ్యలో బోడి మైదానాలు కనిపిస్తాయి, ఉప్పు పొర తేలి, అంచుల్లో ఎర్రటి స్వేడా మొక్కలు. ఎప్పుడో చెట్లు నరికిన చోటు. ఎండ నేరుగా తగిలి బురద ఎండి కుదించుకుపోయి, నేల పళ్ళెంలా జానెడు కిందికి దిగింది. నిండు పోటుకి నీరు లోపలికి వస్తుంది, పళ్ళెం అంచు దాటి తిరిగి పోలేదు. అక్కడే ఆవిరై ఉప్పు మిగులుస్తుంది. ఇలా ఏళ్ళ తరబడి జరిగితే మట్టిలో ఉప్పు సముద్రపు నీటికి రెండింతలు దాటుతుంది. ఇలాంటి చోట లక్ష మొక్కలు నాటినా లక్షా చస్తాయి.

ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ 1990ల చివర నుంచి మట్లపాలెం వంటి గ్రామాల్లో ఊరివాళ్ళతోనూ అటవీశాఖతోనూ కలిసి ఇందుకు వాడిన పద్ధతే చేపముల్లు కాలవలు. మధ్యలో వెన్నెముకలా పెద్ద కాలవ, దానికి రెండు వైపులా 45 డిగ్రీల వంపున పక్కటెముకల్లాంటి పిల్ల కాలవలు. పనిని విప్పి చెబితే ఇలా ఉంటుంది.

మొదట మట్టం. పౌర్ణమికో అమావాస్యకో పోటు తలకెక్కినప్పుడు గూటాలు నాటి నీటి గీత గుర్తు పెట్టాలి. మర్నాడు గొట్టంతో ఆ గీతలకూ మైదానం నడిబొడ్డుకూ తేడా తీయాలి. దగ్గరి వాగు అడుగు మైదానం కంటే లోతుగా ఉంటేనే పెద్ద కాలవ పనిచేస్తుంది. లేకపోతే వాగు పూడిక ముందు తీయాలి. ఈ రెండు రోజుల పని తప్పించుకుని తవ్వకం మొదలెట్టినచోట కాలవ నీరు తెస్తుంది కానీ తీసుకుపోదు. అప్పుడది ఇంకో పళ్ళెం.

పెద్ద కాలవ పైన మూడు మీటర్లు, అడుగున ఒకటి, లోతు ఒకటి అనుకుందాం. ఒడ్డు ఏటవాలుగానే ఉండాలి, నిలువుగా తవ్వితే రెండు పోట్లకి విరిగి పడుతుంది. పిల్ల కాలవ పైన ఒకటిన్నర, అడుగున అర, లోతు అరవై సెంటీమీటర్లు, పన్నెండు మీటర్లకి ఒకటి చొప్పున. హెక్టారు పలకకి పెద్దది వంద మీటర్లు, పిల్లలన్నీ కలిపి పదకొండు వందల మీటర్ల పైచిలుకు. మట్టి మొత్తం 870 ఘనపు మీటర్ల దాకా. జిగట బురదలో మనిషి రోజుకు రెండున్నర ఘనపు మీటర్లు తీస్తాడు. మూడువందల యాభై పనిదినాలు. యంత్రం దింపితే త్వరగా అవుతుంది కానీ దాని బరువుకి నేల మరింత కుంగుతుంది, తవ్విన మట్టి ఒకేచోట కుప్పపడి కరకట్ట అవుతుంది. తీసిన మట్టిని కాలవ అంచుకి మీటరు దూరంలో పలచగా పరచాలి, మధ్యమధ్య ఖాళీలు వదలాలి. అంచునే పోస్తే తొలి వానకి తిరిగి కాలవలోకే.

తవ్వి, ఓ వానాకాలం వదిలేయాలి. పోటూ వానా కలిసి ఉప్పును కడుగుతాయి. జానెడు లోతు మట్టి తీసి దానిలో ఊరిన నీటిని రిఫ్రాక్టోమీటరులో చూస్తే వెయ్యికి నలభై దరిదాపుల్లోకి దిగాక మొక్క పెట్టవచ్చు. నాటాల్సింది కాలవ అడుగునా కాదు, గట్టు మీదా కాదు; ఏటవాలు నడుమన, రోజువారీ పోటు తాకి పోయే చోట. మీటరుకి ఒకటి చొప్పున రెండు వాలులకీ హెక్టారుకి రెండువేల నాలుగువందల మొక్కలు. పూడిక రెండేళ్ళకోసారి తీయాలి. దీనికి డబ్బు ఎవరు పెడతారో తవ్వక ముందే తేల్చుకోవాలి. పథకం మూడేళ్ళది, పూడిక శాశ్వతం.

పశువుల మాట కూడా. ఊరి గేదెలకు మడ ఆకు ఇష్టమైన మేత, లేత మొక్క మొదట వాటికే. కంచె కడితే కట్టిన రెండు నెలలకి కర్రలు వంటచెరుకు అవుతాయి. వన సంరక్షణ సమితిలో పశువులున్నవాళ్ళనే కూచోబెట్టి మూడేళ్ళపాటు ఏ వైపు మేపాలో తేల్చుకున్న చోట కంచె లేకుండానే మొక్క నిలిచింది. మండ పీతలు పట్టేవాళ్ళకీ దారులు వదలాలి. అడవికి కాపలా కాసేది జీతగాడి కంటే రోజూ అందులోకి దిగే వేటగాడే.

అమావాస్య: చొల్లంగి, హోప్ ఐలాండ్

తెల్లవారేసరికి చొల్లంగిలో జనం. మునక వేసే రేవు పక్కనే, నీరు నిండుతున్న ఒడ్డున నర్సరీ ఎలా పెట్టాలో చూపించవచ్చు. మడ కాయలు వానాకాలం చివర రాలతాయి. బకెట్టు నీటిలో ఒకటి రెండు రోజులు నానేస్తే పై పొర ఊడుతుంది. పురుగు చిల్లు ఉన్నవి పారేయాలి. ఐదు అంగుళాల వెడల్పు, ఎనిమిది అంగుళాల పొడవు సంచిలో ఇసుక కలపని ఒండ్రు నింపి, గింజను వేరుమొన కిందికి ఉండేలా సగం లోపలికి నొక్కాలి. పాతిపెడితే కుళ్ళుతుంది. మీటరుంపావు వెడల్పు, పది మీటర్ల పొడవు మడిలో పదిహేను వందల సంచులు పడతాయి. మడిని నడిపోటు మట్టానికి కాస్త పైన పెడితే సముద్రమే తడుపుతుంది. అష్టమి రోజుల్లో మాత్రం మనం పోయాలి. తొలి నెల కొబ్బరాకుల నీడ. ఉప్పుపొన్నకి ఇదంతా అక్కర్లేదు, పండిన కాడను మూడో వంతు బురదలోకి గుచ్చితే చాలు. ఏది తల, ఏది మొన చూసుకోకుండా తిరగేసి గుచ్చేవాళ్ళు ప్రతి నాటే కార్యక్రమంలోనూ ఉంటారు. ఫొటోలో తేడా తెలియదు, మూడు నెలలకి తెలుస్తుంది.

అటవీశాఖ అనుమతి తీసుకుని కాకినాడ నుంచి పడవలో హోప్ ఐలాండ్‌కి. గోదావరి తెచ్చిన ఇసుకను కెరటాలు ఉత్తరానికి లాగి పదహారు కిలోమీటర్ల పొడవున తీర్చిన తిన్నె ఇది. దీని చాటునే కాకినాడ రేవు నిమ్మళంగా ఉంటుంది, దీని వెనకే మడకు అలల దెబ్బ తగలదు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఇక్కడికొచ్చి గుడ్లు పెడతాయి, గూటికి వంద దాకా; పిల్లలు రావడానికి ఏడెనిమిది వారాలు. రాత్రి దీపం చూపకూడదు. సర్వీ (సరుగుడు) తోట అల అంచుదాకా నాటితే తాబేలుకి గూడు పెట్టే వదులు ఇసుక దొరకదు, వేళ్ళు అల్లుకుపోతాయి. తుపాను గాలికి సర్వీ మంచిదే, అయితే ఇసుక ఒడ్డు మీద యాభై మీటర్లు వెనక్కి జరిపి నాటాలి.

తిరిగి వచ్చేది పాటు పూర్తిగా లాగక ముందే. ఆలస్యమైతే వాగు మొదట్లో ఇసుక మేటకి పడవ తగులుతుంది, మళ్ళీ నీరు ఎక్కేదాకా ఐదారు గంటలు అక్కడే. నిన్న మైదానంలో నాటిన గూటాల మీద ఇవాళ్టి గీత పెట్టుకోవాలి. నిండు పోటు అమావాస్య దాటిన ఒకటి రెండు రోజులకి కూడా రావచ్చు కాబట్టి గూటాలు పీకకూడదు. రేపటి పోటు ఇవాళ్టికంటే యాభై నిమిషాలు ఆలస్యంగా తలకెక్కుతుంది. పడవ ఆ లెక్కకే చెప్పి ఉంచాలి.